లక్ష్మణవజ్ఝల ఇంటి నుంచి కర్రీ పాయింటు దాకా

అక్టోబరు 16న ప్రపంచ ఆహార దినోత్సవం. 1945లో అదే తేదీన కెనడాలోని క్యుబెక్ నగరంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పుట్టింది కాబట్టి ఆ రోజును ఖాయం చేశారు. క్యుబెక్‌కీ మన గోంగూరకీ చుట్టరికం ఏమిటో గానీ, మంగళవారం సాయంత్రం ఎడిటర్ ఫోన్ చేశాడు. "మన ఇంటి వంట, మన పూటకూళ్లు, మన హోటళ్లు... మొదట్నుంచి ఇప్పటిదాకా రాసెయ్యండి గురువుగారూ. శుక్రవారానికి పేజీ వదలాలి" అన్నాడు. మొదట్నుంచి అంటే ఎక్కణ్నుంచి బాబూ అని అడిగాను. "శాతవాహనుల నుంచి" అన్నాడు, పక్కవీధి నుంచి అన్నంత తేలిగ్గా.

సరే, శాతవాహనుల దగ్గరే మొదలుపెడదాం, తొందరగా తేలిపోతుంది. వాళ్ల నాణేల మీద ఓడలున్నాయి, ఏనుగులున్నాయి. పొయ్యి మాత్రం లేదు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ల పాటు మనకు దొరికేవి శాసనాలు. వాటిలో నైవేద్యానికి ఎంత బియ్యం, ఎంత నెయ్యి, అఖండ దీపానికి ఎన్ని ఆవులు అని లెక్కలు కట్టి చెక్కారు. దేవుడేం ఆరగించాడో కొలతలతో సహా తెలుసు. ఆ గుడికి రాళ్లు మోసినవాడు పొద్దువాలాక ఇంటికెళ్లి ఏం తిన్నాడో ఏ రాయీ చెప్పదు. జొన్న సంకటో, రాగి అంబలో అయి ఉంటుంది. మా తాతల నాటి దాకా ఎన్నో పల్లెల్లో నడిచింది అదే కాబట్టి ఆ మాత్రం ఊహించవచ్చు. వెయ్యేళ్లకు పైబడిన కాలాన్ని ఒక్క పేరాలో చుట్టబెట్టినందుకు చరిత్రకారులు మన్నించాలి. నిజం చెప్పాలంటే, నేను ఈ వ్యాసం ఒప్పుకున్నదే ఒక్క ఇంటి కోసం.

ఆ ఇల్లు ఓరుగల్లులో ఉండేది. ఇంటాయన పేరు లక్ష్మణవజ్ఝల. అది పూటకూళ్ల ఇల్లు. కూడు అంటే అన్నం. పూటకింత అని డబ్బు పుచ్చుకుని కూడు పెట్టే ఇల్లు కాబట్టి పూటకూళ్ల ఇల్లు. 'హోటల్' అనే మాట మన ఊళ్లలోకి రావడానికి కొన్ని వందల ఏళ్ల ముందే మనకు ఈ చక్కని మాట ఉంది. ఎందుకు పారేసుకున్నామో తెలీదు.

ఆ ఇంటి సంగతి మనకు 'క్రీడాభిరామం' చెబుతుంది. రాసింది వినుకొండ వల్లభరాయడని పుస్తకం మీద ఉంటుంది. కాదు, ఆ చెయ్యి శ్రీనాథుడిదని వాదించే పండితులు చాలామందే ఉన్నారు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత 'ప్రేమాభిరామం' దీనికి మూలం. ఆ మూలం దొరకలేదు, కూడు సంగతి మాత్రం దొరికింది. కథ అంటూ పెద్దగా ఏమీ ఉండదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు. ఒక రోజంతా కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కోడిపందేలు చూస్తారు, ఆటలు చూస్తారు, ఆడవాళ్లను చూస్తారు, కనిపించిన వాళ్ల మీదల్లా ఓ మాట విసురుతారు. ఇవాళ ఆదివారం పూట కెమెరా పట్టుకుని పాతబస్తీలో తిరిగే కుర్రాళ్లకు వీళ్లు ముత్తాతలు. తిరిగితే ఆకలి వేస్తుంది కదా. అక్కడ వస్తుంది లక్ష్మణవజ్ఝల ఇంటి ప్రస్తావన.

నాలుగు పాదాల పద్యం. నాకు తెలిసినంతలో తెలుగులో ఇంతకన్నా ముచ్చటైన మెనూ కార్డు లేదు. కప్పురభోగి బియ్యపు అన్నం. కమ్మటి గోధుమపిండి వంట. గుప్పెడు పంచదార. అప్పుడే కాచిన ఆవునెయ్యి. పెసరపప్పు. అరటిపండ్లు. నాలుగైదు నంజులు. చివర్న లప్పలు లప్పలుగా కొత్త పెరుగు. ఇదంతా ఒక రూకకు.

ఆ జాబితాను ఇంకోసారి నెమ్మదిగా చదవండి. పంచదార చెంచాలతో కొలవలేదు, గుప్పెడు అన్నాడు. ఎవరి గుప్పెడో చెప్పలేదు. వడ్డించేవాడిదైతే చిన్నది, తినేవాడిదైతే పెద్దది. నెయ్యి అంటే చాలదు, కొత్తగా కాచిందై ఉండాలి. పాత నెయ్యి పోసే పూటకూళ్ల ఇళ్లు కూడా ఆ ఊళ్లో ఉండి ఉంటాయనడానికి ఆ ఒక్క మాట చాలదూ? పెరుగు సంగతీ అంతే. లప్పలు అన్నాడంటే నీళ్లు కలపని పెరుగు. ఇవాళ మెస్సుల్లో చిన్న స్టీలు కప్పులో పోసి పెరుగని పిలిచే ద్రవం లాంటిది కాదు. ఇక 'నంజు'. పప్పన్నం కలుపుకుని పక్కన నంజుకోవడానికి ఏముంది అని మనం రోజూ అడిగే మాటే అది. ఆరువందల ఏళ్ల నాటి మాట అరగకుండా మన విస్తట్లో ఉంది.

అందులో ఏం లేదో కూడా చూడాలి. మిరపకాయ లేదు. ఉండే వీల్లేదు. అది అమెరికా ఖండపు కాయ. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ తీరాన దిగిన తర్వాతే పోర్చుగీసు వాళ్ల ఓడల వెంట ఇటు వచ్చింది. కాబట్టి ఓరుగల్లు నంజుల్లో ఘాటంతా మిరియానిదే. మన పూర్వీకులు కొత్త కాయకు పేరు వెతుక్కోలేక పాత మిరియాన్నే కాస్త సాగదీసి మిరప అన్నట్టున్నారు. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ ఏవీ లేవు. టమాటాని మా వైపు పెద్దవాళ్లు రామ్ములక్కాయ అనేవారు, అదేదో భద్రాచలం నుంచి వచ్చినట్టు. ఆవకాయ లేదు. సాంబారు లేదు. కాఫీ సరేసరి.

ఇవేవీ లేని తెలుగు భోజనం ఇవాళ ఎక్కడైనా తినగలమా? తినగలం. తద్దినానికి వెళ్లాలి. చాలా ఇళ్లలో ఇప్పటికీ ఆ రోజు వంటలో మిరపకాయ పడదు, మిరియమే. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ లాంటి సీమ కూరలు గుమ్మం దాటి రావు. పెసరపప్పు ఉంటుంది, నెయ్యి ఉంటుంది, అరటికాయ ఉంటుంది, పెరుగు ఉంటుంది. పితృదేవతలకు వాళ్లు ఎరిగిన తిండే పెట్టాలన్న పట్టుదల వల్ల వాస్కో డ గామాకు ముందరి వంటగది ఒకటి ఏడాదికోసారి మన ఇళ్లలో తెరుచుకుంటోంది. లక్ష్మణవజ్ఝల ఇంటి రుచి కావాలంటే భోక్తగా వెళ్లడమే దారి.

ఒక్క అనుమానం మిగిలింది. మంచనశర్మ లాంటివాడు రూక పెట్టి తిన్నాడు. రూక లేనివాడు? దానికి శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువులే జవాబు. పల్నాట్లో జొన్నకూడు, జొన్నకూడు అని ఆ మహాకవి పడ్డ విసుగంతా వాటిలో ఉంది. బచ్చలి శాకంతో జొన్నన్నం తిని చూడమని సాక్షాత్తూ కృష్ణుడికే సవాలు విసిరాడు. సన్నన్నం కవికి దొరక్కపోతే పద్యం పుట్టింది. ఆ జొన్నన్నాన్నే రోజూ తిన్న పల్నాటివాడు పద్యాలేం రాయలేదు, తినేసి పొలానికి పోయాడు.

ఇంటి వంట మాటకొస్తే కృష్ణదేవరాయలికి దండం పెట్టాలి. 'ఆముక్తమాల్యద'లో విల్లిపుత్తూరి విష్ణుచిత్తుడి ఇంట్లో ఏ కాలంలో అతిథులకు ఏం వడ్డించారో వరుసగా చెప్పాడు. వానాకాలంలో కలమ బియ్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు పెట్టిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఓరుగల్లు నంజులూ నాలుగైదే, విల్లిపుత్తూరు కూరలూ నాలుగైదే. మనవాళ్ల లెక్క అక్కడ కుదురుకున్నట్టుంది. ఎండాకాలానికి మజ్జిగపులుసు, పల్చటి అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు. చలికాలానికి మిరియపు పొడులు, ముక్కుకెక్కే ఆవపెట్టిన పచ్చళ్లు. ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను పట్టుకున్నది వేరే ఉంది. జడివాన పట్టినప్పుడు కట్టెలు తడిసి పొగ వస్తుంది కదా. ఇల్లాలి కళ్లలోకి ఆ పొగ పోకుండా కొబ్బరిచిప్పలు రాజేసి వండిందంటాడు. మూడు రాజుల సింహాసనాలు కదిలించిన మనిషికి వంటింట్లో పొగ సంగతి ఎలా తెలిసిందో! గడప దగ్గర నిలబడి తొంగి చూసినవాడు మాత్రమే రాయగల ముక్క అది.

ఆ తర్వాతి మూడు వందల ఏళ్లను కూడా ఇలాగే దాటేస్తాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి దారి పొడుగునా రోజువారీ రాసుకున్నాడు. ఏ ఊళ్లో దిగినా ఆయన కళ్లు వెతికేవి మూడే: బస, మంచినీళ్లు, అంగళ్లు. వండిన అన్నం ఎక్కడ దొరుకుతుందన్నది ఆయన ప్రశ్నే కాదు. వంట వెంట నడిచింది. ప్రయాణమంటే ఇల్లు కదలడమే తప్ప ఇల్లు విడవడం కాదు. రైలు వచ్చాక కూడా మనం మారామా? మా పెదనాన్నగారు జీవితంలో హోటలు గడప తొక్కలేదు. ఆయనతో రైలెక్కితే పులిహోర మూట, పెరుగన్నం గిన్నె, అరిటాకు చుట్ట, మరచెంబు అన్నీ ముందెక్కేవి, తర్వాత మేం. రాజమండ్రి వంతెన మీదికి రైలు వచ్చేసరికి పెట్టెంతా ఇంగువ వాసన. ఎదుటి సీటు వాళ్లు పలకరించడానికి ఆ వాసనే పూచీ.

మళ్లీ పూటకూళ్ల ఇంటికి వద్దాం. ఈసారి విజయనగరం. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. ఇవాళ మనం చదివేది 1909 నాటి రెండో కూర్పు. అందులో పూటకూళ్లమ్మకు వేరే పేరు లేదు. వితంతువు. సంతలో సామాను తెచ్చిపెడతానని ఆవిడ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి గిరీశం మధురవాణికి తగలేశాడు. ఆవిడ చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికే వచ్చింది. మంచం కింద దాక్కున్న గిరీశానికి తగలాల్సిన దెబ్బ రామప్పంతులుకు తగిలింది. వందేళ్లకు పైగా ఆ చీపురు దెబ్బకు నవ్వుతూనే ఉన్నాం.

నవ్వాక కాస్త ఆ ఇరవై రూపాయల గురించి ఆలోచించాను. అది ఆవిడ సరుకుల డబ్బు. ఎందరికి ఎన్ని పూటలు వండితే ఇరవై రూపాయలు మిగిలి ఉంటాయి? భర్త పోయిన ఆడమనిషికి ఆస్తి లేదు, చదువు లేదు, మళ్లీ పెళ్లి లోకం ఒప్పుకోదు. చేతిలో ఉన్న ఒకే విద్య వంట. ఇంట్లో ఊరికే చేసిన పనినే గుమ్మం తెరిచి కూలికి చేసింది. కోర్టు పక్షులు, చదువుకునే కుర్రాళ్లు, గిరీశం లాంటి గాలివాటం మనుషులు ఆవిడ విస్తట్లో తిన్నారు. తిని, ఆవిడ మీద కథలూ అల్లారు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో మాత్రం వండింది ఎవరు? పేరు మగవాడిది. పొయ్యి ముందు కూర్చున్నది ఆయనే అని నేను నమ్మను.

కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చిన 1909లోనే కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు కన్నుమూశారు. ఆవిడ వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా డబ్బు పుచ్చుకోకుండా అన్నం పెట్టిన మనిషి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. ఊరికే పెట్టినావిడ పేరు నిలిచింది, మంచిదే. పూట లెక్కన అమ్ముకుని బతికిన ఆడవాళ్లలో ఒక్కరి పేరూ నాకు దొరకలేదు.

ఇక్కడి దాకా కథ ఓ వరుసలో వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలోకి అడుగుపెట్టామో లేదో విస్తరి చిరిగినట్టు అన్నీ కలిసిపోతాయి. కాఫీ వచ్చింది. కాఫీతో కాఫీ హోటలు వచ్చింది. ఉడిపి వాళ్లు వచ్చి ఇడ్లీ, సాంబారు అలవాటు చేశారు. హైదరాబాదులో ఇరానీ హోటళ్ల పాలరాతి బల్లల మీద పౌనా చాయ్, ఉస్మానియా బిస్కట్టు. మాంసం పెట్టే చోట మిలిటరీ హోటలు అన్న బోర్డు. ఏ కులం వాళ్లు నడుపుతున్నారో బోర్డు మీదే రాసుకున్న హోటళ్లూ ఉండేవి. ఎవరిని లోపలికి రానిస్తారో ఆ అక్షరాలే చెప్పేవి. దుకాణాలు, హోటళ్లలోకి వెళ్లడానికి కులం అడ్డు రాకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో రాయాల్సి వచ్చిందంటే అడ్డు ఎంత గట్టిగా ఉండేదో చూడండి. రాసిన తర్వాత కూడా ఊళ్లలో టీ కొట్ల చూరు కింద రెండో రకం గ్లాసులు చాలా ఏళ్లు వేలాడాయి. పాత హోటళ్ల మీద మురిపెంతో రాసేటప్పుడు మా తరం ఈ గ్లాసుల సంగతి మరిచిపోతుంటుంది. నేనూ మరిచిపోబోయాను.

ఇళ్లలో ఏం జరిగింది? మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' కొత్త కాపురాల సామాన్లలో చేరింది. వంట పుస్తకం కొన్నారంటే చెప్పడానికి అమ్మ పక్కన లేదన్నమాట. భిలాయ్‌లోనో బొంబాయిలోనో క్వార్టర్సులో ఒంటరిగా నిలబడి, పప్పు పలుకు విడవకుండా ఎలా ఉడకాలో పేజీ తిప్పి చూసుకున్న పిల్లలు వాళ్లు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పండగ నాడు మాత్రమే వరన్నం చూసిన ఇళ్లలో రోజూ తెల్లన్నం ఉడికింది. శ్రీనాథుడి ఫిర్యాదు అయిదువందల ఏళ్లకు పైగా ఆగి ఆ ఏడాదికి తీరిందనుకోవచ్చు. తీరాక ఏమైంది? ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమంది, డాక్టరుగారు షుగరంటాడు, హైదరాబాదులో సాయంత్రమైతే ఫుట్‌పాత్ మీద జొన్నరొట్టెల పొయ్యిల చుట్టూ కార్లు ఆగుతున్నాయి. మా వీధి చివర కూర్చునే ఆవిడ పిండిముద్దను అరచేత్తో తపతపా తట్టి పెనం మీద వేసి, తడిచేత్తో నీళ్లు రాస్తుంది. ఆ చప్పుడు వింటూ వరసలో నిలబడే వాళ్లలో సగం మంది ఇళ్లలో వాళ్ల అవ్వలు అదే చప్పుడు నుంచి తప్పించుకోవాలని పిల్లల్ని చదివించారు.

ఇక కర్రీ పాయింటు. దీని మీద పరిశోధన చేసి డాక్టరేట్లు ఇవ్వాలి. అన్నం ఇంట్లో కుక్కర్లో, కూర వీధిలో. ఇల్లూ హోటలూ చెరిసగం పంచుకున్న ఇలాంటి ఏర్పాటు మన ఊళ్లలో పాతుకుపోయినంతగా నేను తిరిగిన వేరే రాష్ట్రాల్లో కనిపించలేదు. మా కాలనీలో నడిపేది గోదావరి జిల్లా నుంచి వచ్చిన దంపతులు. రాత్రి ఏడున్నరకు వెళ్తే ఆయన గరిటెతో చారు కవర్లో పోసి, మూతి పట్టుకుని గాలి నిండేలా గిర్రున రెండు తిప్పులు తిప్పి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు మూడు చుట్లు వేస్తాడు. కవరు బూరలా ఉబ్బుతుంది. చుక్క కారదు. ఇంటికొచ్చాక ఆ బ్యాండు విప్పడం మాత్రం నావల్ల కాదు, కత్తెరే.

మొన్న బుధవారం ఈ వ్యాసం కోసమే ఆవిడను అడిగాను, రోజూ ఎన్ని నంజులు చేస్తారమ్మా అని. ఆవిడకు నా మాట అర్థం కాలేదు. కూరలని విడమరిచాక "నాలుగైదు బాబాయిగారూ. టమాటా పప్పు అయిపోయిందండి, దోసకాయ ఇమ్మంటారా?" అంది. మళ్లీ నాలుగైదే! వండేది ఆవిడ. బోర్డు మీద పేరు ఆయనది.

రూక లేనివాడి సంగతి కూడా ఇప్పుడు కాస్త మారింది. 2014లో హైదరాబాదులో అయిదు రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు, 2019లో మూశారు, 2024లో మళ్లీ తెరిచారు. అన్నం కూడా ఓట్లతో పాటు లెక్కకొచ్చే కాలం. ఇంకోవైపు ఫోన్లో వేలు ఆనిస్తే బిర్యానీ గుమ్మంలోకి వస్తోంది. ఆ ఫోన్లో నాకు ఎక్కువగా కనిపించే పేర్లు ఏమిటనుకున్నారు? అమ్మ చేతి వంట, బామ్మగారి భోజనం, ఇంటి రుచులు. ఎవరి అమ్మో, ఏ బామ్మో! బయట తిండిని ఇంటి పేరు చెప్పి అమ్మడం లక్ష్మణవజ్ఝల నాటి వ్యాపార రహస్యమే. అప్పుడు కనీసం ఇల్లన్నా ఉండేది.

ఇంత రాసినా పూటకూళ్లమ్మ ఏం వండేదో నాకు దొరకలేదు. నాటకంలో చీపురుంది, కూర లేదు. ఆవిడ లాంటి వాళ్లు రాసుకున్న పద్దు ఒక్కటి కనిపించినా, నెలకు ఎంత కందిపప్పు, ఎంత చింతపండు, ఎవరి బాకీ ఎంత అని తెలిసేది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించినప్పుడు మామూలు మనిషి తిండీ బట్టా కావ్యాల్లోంచి ఏరుకోవాల్సి వచ్చింది. మనం ఇంకా అక్కడే ఉన్నాం. అందుకని ఓ మనవి. మీ ఇంట్లో అటక మీద బామ్మదో అమ్మమ్మదో పాత పద్దు పుస్తకం, సరుకుల చీటీ, మెస్సు టోకెన్ల కట్ట, హోటలు బిల్లు ఏదైనా ఉంటే పాత పేపర్లవాడికి తూకానికి వెయ్యకండి. ఫోటో తీసి మా ఆదివారం అనుబంధానికి పంపండి. కాగితం మాత్రం మీ దగ్గరే దాచుకోండి. ఎడిటర్ బల్ల మీద పడిందేదీ తిరిగి రాదు.